కొట్టివేతలలో పుట్టిన బొమ్మలు
(విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూరు జీవితం – దుఃఖంలో ఉన్నవారికి ఒక పాఠం)



రవీంద్రనాథ్ ఠాగూరు పేరు వినని వారు మనలో ఉండరు. బడి మెట్టు ఎక్కిన ప్రతి బిడ్డ ఆయన వ్రాసిన జాతీయ గీతం పాడుతూనే పెరిగింది. గీతాంజలికి 1913లో నోబెల్ బహుమానం వచ్చిన సంగతి పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాము. అయితే ఆయన జీవితపు చివరి పదమూడేళ్ళను గూర్చి ఆ పుస్తకాలు అంతగా చెప్పవు. మనుమలతో కూర్చొని విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో, 67 ఏళ్ళప్పుడు, ఆయన బొమ్మలు వేయడం నిత్యకృత్యంగా పెట్టుకున్నారు. కన్నుమూసేనాటికి రెండు వేలకు పైగా చిత్రాలు వేశారు. పేరు కావాలని వేశారా అంటే, పేరు అప్పటికే లోకమంతా ఉన్నది. డబ్బు కోసమా అంటే అదీ ముఖ్యం కాదు. మరి ఎందుకు?

ఆయన మన సంఘాలవారు కారు. బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టి ఆ మార్గంలోనే పెరిగినవారు. అయినను సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ వంటి మిషనరీలు ఆయనకు ఆప్తమిత్రులై, ఆయన విద్యాలయంలో పిల్లలకు చదువు చెప్పారు. దుఃఖానికి మతభేదం లేదు. కాబట్టి ఆయన దుఃఖాన్ని, అందులో ఆయనకు దొరికిన ఊరటను తెలుసుకోవడం మనకు లాభమే.

సుద్దగీత నడుమ బాల్యం

రవీంద్రనాథ్ 1861 మే 7న కలకత్తాలోని జొరాసంకో భవనంలో జన్మించారు. తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూరు పేరుపొందిన పెద్ద. బ్రతికిన 13 మంది సంతానంలో ఈయన ఆఖరివాడు. తల్లి శారదాదేవి తరచు జబ్బుతో ఉండేవారు. తండ్రి ఎక్కువగా ప్రయాణాలలో ఉండేవారు. పిల్లల పెంపకం నౌకర్ల చేతిలో పడింది. వారిలో శ్యామ్ అనే నౌకరు ఈ పిల్లవాణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, దాటితే ప్రమాదమని భయపెట్టి తన పని చూసుకొనేవాడట. సీతమ్మ లక్ష్మణరేఖ దాటిన కథ విన్న పిల్లవాడు కనుక కదలకుండా గంటల తరబడి కిటికీలోనుండి చెరువును, మర్రిచెట్టును చూస్తూ కూర్చొనేవాడు.

బడి చదువు ఆయనకు పడలేదు. నాలుగు బడులు మార్చి చివరకు ఇంటివద్దనే చదువుకున్నారు. కుస్తీ, లెక్కలు, సంగీతంతోపాటు బొమ్మలు నేర్పే మాస్టరు కూడ ఇంటికి వచ్చేవారు. కాని ఆ విద్య ఆయనకు అంటలేదు. తనకు చిత్రలేఖనం రాదనే ఆయన చాల కాలం అనుకున్నారు.

1875లో తల్లి చనిపోయారు. అప్పటికి ఆయనకు పదునాలుగేళ్ళు నిండలేదు. ఆ లోటును కొంతవరకు తీర్చినది వదినగారైన కాదంబరీదేవి. ఆమె తొమ్మిదేళ్ళ పిల్లగా కోడలై ఆ ఇంటికి వచ్చినప్పుడు రవీంద్రునికి ఏడేళ్ళు. ఇద్దరూ ఒకరికొకరు తోడుగా పెరిగారు. ఆయన వ్రాసిన పద్యాలను మొదట విని, మంచి చెడ్డలు చెప్పినది ఆమెయే. 1884 ఏప్రిల్‌లో, రవీంద్రుని పెండ్లి జరిగిన కొద్ది నెలలకే, 25 ఏళ్ళు నిండకముందే ఆమె తన ప్రాణాన్ని తానే తీసుకున్నారు. పెద్దింటి సంగతి కనుక బయటకు పొక్కకుండా చూశారు. ఇంట్లోవారు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోని దుఃఖం ఎక్కడికి పోతుంది? అది రవీంద్రుని లోపలనే ఉండిపోయింది.

వరుస మరణాలు

1901 డిసెంబరులో ఆయన బోల్పూరు దగ్గర శాంతినికేతనంలో చెట్ల క్రింద ఒక బడి ప్రారంభించారు. మొదట అయిదుగురే విద్యార్థులు. భార్య మృణాళినీదేవి తన నగలు అమ్మి బడికి సాయపడ్డారు. ఏడాది తిరగకముందే ఆమె జబ్బుపడి 1902 నవంబరు 23న కన్నుమూశారు. ఆయన రాత్రింబగళ్ళు ప్రక్కన కూర్చొని సేవ చేసినా ఫలితం లేకపోయింది. వెంటనే రెండవ కుమార్తె రేణుకకు క్షయ అని తేలింది. గాలి మార్పు కోసం ఆ పిల్లను హజారీబాగ్‌కు, అల్మోరాకు తీసుకొని వెళ్ళారు. తల్లిలేని పిల్లల మనస్సుకు ఊరటగా అల్మోరాలో ఆయన పిల్లల పద్యాలు వ్రాసి వినిపించేవారు. రేణుక 1903 సెప్టెంబరులో చనిపోయింది. 1905లో తండ్రి పోయారు. 1907 నవంబరు 23న చిన్నకుమారుడు శమీంద్రుడు ముంగేరులో కలరాతో మరణించాడు. వాడికి పదకొండేళ్ళు నిండలేదు. తల్లి పోయిన తేదీనే, సరిగ్గా అయిదేళ్ళకు కొడుకూ పోయాడు.

1913లో నోబెల్ బహుమానం వచ్చింది. ఊరూరా సన్మానాలు జరిగాయి. ఆ మరుసటి సంవత్సరమే ఆయన మనస్సు తీవ్రంగా క్రుంగిపోయింది. చావును గూర్చిన తలంపులు రాత్రింబగళ్ళు తనను వెంటాడుతున్నాయని, తాను దేనికీ పనికిరాలేదనిపిస్తున్నదని కుమారుడు రథీంద్రనాథ్‌కు జాబు వ్రాసుకున్నారు. ప్రియులారా, ఈ సంగతి మనం గమనించాలి. పేరు, ప్రతిష్ఠ, విద్య, భక్తి అన్నీ ఉన్నవానికి కూడ ఇటువంటి కాలం వచ్చింది. ఆయన దానిని దాచుకోకుండ కన్నకొడుకుతో చెప్పుకున్నారు. కొంతకాలానికి ఆ చీకటి తొలగింది.

పెద్ద కుమార్తె మాధురీలత, ఇంట్లో బేల అని పిలుచుకొనే బిడ్డ, 1918 మే 16న క్షయతో మరణించింది. ఆయన ప్రతిరోజూ ఆమె ఇంటికి వెళ్ళి ప్రక్కన కూర్చొని కథలు చెప్పేవారు. ఆ రోజు గుమ్మం దగ్గరకు వెళ్ళేసరికి అంతా అయిపోయిందని తెలిసింది. లోపలికి వెళ్ళకుండానే వెనుదిరిగి వచ్చారు.

మదనపల్లెలో

బేల పోయిన తొమ్మిది నెలలకు, 1919 ఫిబ్రవరిలో, దక్షిణదేశ యాత్రలో భాగంగా ఆయన మన రాయలసీమలోని మదనపల్లెకు వచ్చారు. అక్కడి దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఆయనకు ఆతిథ్యమిచ్చారు. 1911లో కలకత్తాలో మొదటిసారి పాడిన జనగణమనకు ఇంగ్లీషు అనువాదాన్ని 1919 ఫిబ్రవరి 28న మదనపల్లెలోనే ఆయన తన చేతితో వ్రాసి ఇచ్చారు. కజిన్స్ గారి భార్య మార్గరెట్ ఆ పాట స్వరాలు వ్రాసుకొని భద్రపరిచారు. ఆ ఊరి ప్రక్కనే ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి స్థాపించిన క్షయ ఆసుపత్రి ఉండేది. ఇద్దరు బిడ్డలను క్షయకు అప్పగించిన తండ్రి ఆ ప్రాంతపు గాలి పీల్చి, కొంత విశ్రాంతి పొంది వెళ్ళారు.

ఆ ఏడు మే నెలలో, జలియన్‌వాలాబాగ్ కాల్పులకు నిరసనగా, ఆయన తన సర్ బిరుదును ప్రభుత్వానికి తిరిగి ఇచ్చివేశారు. అదే సంవత్సరం శాంతినికేతనంలో కళాభవనం ప్రారంభమైంది. అన్నగారి కుటుంబంలోని అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ అప్పటికే పేరున్న చిత్రకారులు. అవనీంద్రుని శిష్యులలో నందలాల్ బోస్ కళాభవనానికి పెద్ద అయ్యారు. మరొక శిష్యుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ మన బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చి చిత్రలేఖనం నేర్పారు. అడివి బాపిరాజు వంటివారు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఇందరు చిత్రకారులను ప్రోత్సహించిన రవీంద్రుడు తాను మాత్రం కుంచె పట్టలేదు. 1900లో ఒకసారి నోటుపుస్తకం తీసుకొని బొమ్మలకు కూర్చున్నారు గాని, పెన్సిలు కంటె రబ్బరే ఎక్కువ వాడుతున్నానని స్నేహితుడు జగదీశ చంద్ర బోసుకు నవ్వుతూ జాబు వ్రాసి, తరువాత మానుకున్నారు.

కొట్టివేసిన మాటలు

1924లో పెరూ దేశపు ఆహ్వానంపై ఆయన దక్షిణ అమెరికాకు ఓడలో బయలుదేరారు. దారిలో జబ్బుచేసింది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ చేరేసరికి ముందుకు కదలకూడదని డాక్టర్లు చెప్పారు. విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆయనను సాన్ ఇసిడ్రోలో నది ఒడ్డునున్న ఒక ఇంటిలో ఉంచి రెండు నెలలు చూసుకున్నారు. పరాయి దేశం, పరాయి భాష, 63 ఏళ్ళ వయస్సు, జబ్బు శరీరం. మంచం మీదనే కూర్చొని బెంగాలీలో పద్యాలు వ్రాసుకునేవారు. అవి తరువాత పూరబి అనే పుస్తకమైనవి.

వ్రాసేటప్పుడు ఎవరైనా కొన్ని మాటలు కొట్టివేస్తాము. ఆయనకు ఆ కొట్టివేతలు పుటమీద అందవిహీనంగా, దిక్కులేని వాటివలె కనిపించేవి. తమను విడిపించమని అవి మొరపెట్టుకుంటున్నట్లు తోచేదని తరువాత చెప్పుకున్నారు. ఒక కొట్టివేతను ప్రక్క పంక్తిలోని మరొక కొట్టివేతతో గీతతో కలిపేవారు. ఆ కలిపిన గీతలలో ఒక పక్షి ముక్కు, ఒక జంతువు వీపు, ఒక ముసలి ముఖం కనబడేవి. వాటిని దిద్దుతూ పోతే పుట సగం బొమ్మగా మారిపోయేది. ఇంటావిడ ఒకాంపో ఆ నోటుపుస్తకం చూసి ఆశ్చర్యపడి, ఇవి వట్టి గీతలు కావని ప్రోత్సహించారు.

ఇంటికి వచ్చిన తరువాత 1928 నుండి ఆయన విడి కాగితాలమీద బొమ్మలు వేయసాగారు. పద్ధతిగా నేర్చిన విద్య కాదు. కుంచె దొరికితే కుంచె, లేకుంటే గుడ్డపీలిక, లేకుంటే వ్రేలు. కలం వెనుక కొనతో గీసేవారు. రంగు సిరాలతోపాటు పూలరేకులు నలిపి రంగు తీసేవారు. ఒక్కసారి కూర్చుంటే ఆ బొమ్మ ముగించి లేచేవారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా ఆయన కంటికి సరిగా తెలిసేది కాదని పరిశీలకులు చెబుతారు. అయినను వెనుదీయలేదు. బొమ్మలకు పేర్లు పెట్టేవారు కారు. ఇది ఏమిటని అడిగితే, చూసినవారే చెప్పుకోవాలన్నట్టు ఊరుకునేవారు.

ఏమి వేశారు? లోకంలో లేని వింత జంతువులు, ముసుగులవంటి ముఖాలు, సాయంకాలపు పసుపు వెలుగులో నల్లని చెట్లు వేశారు. మరల మరల వేసినది మాత్రం ఒక స్త్రీ ముఖం. కోలముఖం, తలమీద ముసుగు, పెద్ద పెద్ద కళ్ళు, మూసిన పెదవులు. చాలమంది పరిశీలకులు అందులో కాదంబరీదేవి పోలిక చూశారు. 1884లో ఇంట్లో ఎవరూ మాట్లాడని మరణం నలభై ఏళ్ళ తరువాత కాగితం మీదికి వచ్చిందని వారి అభిప్రాయం. ఎన్నో వేల పాటలు, పద్యాలు, కథలు వ్రాసిన మహానుభావునికి కూడ మాటలతో చెప్పరానిది కొంత మిగిలి ఉన్నది. అది గీతలలో వెలుపలికి వచ్చింది.

లోకం ఎదుట

1930 మే నెలలో పారిస్ నగరంలోని పిగాల్ గ్యాలరీలో ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన జరిగింది. 125 చిత్రాలు పెట్టారు. దానిని ఏర్పాటు చేసినది కూడ ఒకాంపో గారే. తరువాత బర్మింగ్‌హామ్, లండన్, బెర్లిన్, డ్రెస్‌డెన్, మ్యూనిక్, కోపెన్‌హాగన్, జెనీవా, మాస్కో, బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాలలో చూపారు. అక్కడివారు మెచ్చుకున్నారు. కలకత్తాలో 1931 డిసెంబరులో, 70 ఏళ్ళ జన్మదినోత్సవాల సందర్భంగా చూపినప్పుడు మనవారికి అంతగా నచ్చలేదు. కవిగారికి బొమ్మలెందుకన్నవారున్నారు. ఆయన నొచ్చుకున్నా, బొమ్మలు మానలేదు.

1932 ఆగస్టులో మరొక దెబ్బ తగిలింది. చిన్న కుమార్తె మీరాకు ఒక్కగానొక్క కొడుకు నీతీంద్రుడు, ఇరవయ్యేళ్ళవాడు, చదువుకొనుటకు జర్మనీ వెళ్ళి అక్కడ క్షయతో చనిపోయాడు. తాతగారు ఆ వార్తను మౌనంగా భరించారు. వ్రాతపని, బొమ్మల పని రెండూ కొనసాగించారు.

1937 సెప్టెంబరులో ఆయన ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయారు. బ్రతుకుతారన్న ఆశ లేకపోయింది. రెండు దినాల తరువాత తెలివి వచ్చింది. కోలుకుంటూ ఆయన మొట్టమొదట అడిగినది రంగులు, కుంచె. దొరికిన ఒక చెక్కపలక మీద, నల్లని అడవి వెనుక నుండి వెలుగు వస్తున్నట్లు ఒక చిత్రం వేశారు. మరణపు అంచుదాకా వెళ్ళి వచ్చిన మనిషి తాను చూచినదానిని చెప్పుటకు మొదట రంగులనే ఎంచుకున్నారు. తరువాత దానిని గూర్చి పద్యాలు కూడ వ్రాశారు.

1941 ఆగస్టు 7న, తాను పుట్టిన జొరాసంకో ఇంటిలోనే, 80 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు.

ఈ మార్గానికి పేరు

రవీంద్రుడు తన బొమ్మలను చికిత్స అనుకోలేదు. ఆ మాట అప్పటికి పుట్టనే లేదు. ఇంగ్లాండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు 1938లో క్షయతో మిడ్‌హర్స్ట్ శానటోరియంలో చేరారు. నెలల తరబడి మంచం మీద పడుకొని, దిగులు పోగొట్టుకొనుటకు ప్రక్కనున్న వస్తువులను గీసుకున్నారు. అది తనకు మేలు చేయగా, తోటి రోగులకు, యుద్ధంలో దెబ్బతిని వచ్చిన సైనికులకు కూడ పెన్సిలు, కాగితం ఇచ్చి కూర్చోబెట్టారు. భయంకరమైన జ్ఞాపకాలను నోటితో చెప్పలేనివారు కాగితం మీద చూపించారు. 1942లో ఆయన దీనికి ఆర్ట్ థెరపీ, అనగా చిత్రకళా చికిత్స, అని పేరు పెట్టారు. రవీంద్రుడు పోయిన మరుసటి సంవత్సరమది. నేడు చాల దేశాలలో దీనికి ప్రత్యేక శిక్షణ పొందినవారు ఆసుపత్రులలో, బడులలో పనిచేస్తున్నారు.

ఇది ఎలా పనిచేస్తుంది? మనస్సులో ముద్దగా పేరుకున్నదానికి ముందు మాట దొరకదు. చేయి కదులుతుంటే దృష్టి ఒక చోట నిలుస్తుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. లోపలి భారం కాగితం మీదికి వచ్చాక, దానిని కొంచెం దూరం నుండి చూడగలుగుతాము. ఏ గీత ఎక్కడ పెట్టాలో, ఏ రంగు వాడాలో మన ఇష్టం. కష్టాలలో మన చేతిలో ఏమీ లేదనిపించినవానికి ఇంత స్వేచ్ఛ దొరకడమే గొప్ప. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మంది పెద్దవారికి రంగులు, బంకమట్టి, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమైనది చేయనిచ్చారు. వారిలో సుమారు ముప్పాతిక మందికి ఒత్తిడివలన శరీరంలో పెరిగే కార్టిసాల్ అనే పదార్థం తగ్గినట్లు కనుగొన్నారు. బొమ్మలు వేయడం వచ్చినవారికి, రానివారికి కూడ తగ్గింది.

మన సంఘాలలో

ఇప్పుడు మన ఇండ్ల సంగతి ఆలోచిద్దాము. తుంగభద్ర కాలువలు పారిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి మనవారు ఈ సరిహద్దుకు వచ్చి క్యాంపులలో స్థిరపడ్డారు. మరి కొందరు బళ్ళారిలో జీన్సు కుట్టుపనికి, తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి వచ్చారు. పొలాలు చేసుకున్నాము, ఇండ్లు కట్టుకున్నాము, మందిరాలు నిలిపాము. కాని పుట్టిన ఊరిలో తోబుట్టువు చనిపోతే మూడవ రోజుకు గాని చేరలేకపోయిన తల్లులు మన మధ్యనే ఉన్నారు. పురుగుమందు త్రాగిన కొడుకు పేరు ఇరవై ఏళ్ళుగా ఎత్తని తండ్రులు ఉన్నారు. వారు దిగులని చెప్పరు. నడుము నొప్పి అంటారు, ఆకలి లేదంటారు, నిద్ర పట్టదంటారు. విశ్వాసి దిగులుపడకూడదని మనమే ఎవరో అనడం వలన, చెప్పుకొనే ధైర్యం కూడ వారికి పోయింది. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చొని చావు కోరుకున్నాడు. దేవుడు అతనిని గద్దించక ముందు నిద్రపోనిచ్చి రొట్టె, నీళ్ళు ఇచ్చిన సంగతి మరువకూడదు.

ఇటువంటివారికి ఒక కాగితం, నాలుగు రంగు పెన్సిళ్ళు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. మా చేతులు వంగవు, మాకు బొమ్మలు రావు అనేవారికి ఒక మాట. తెల్లవారుజామున ముంగిట చుక్కలు పెట్టి ముగ్గు కలిపే చేయి మన తెలుగు ఆడబిడ్డలందరిదీ. క్రిస్మసుకు మందిరం ముందు నక్షత్రం ముగ్గు వేసేది కూడ వారే. చుక్కను చుక్కను కలిపినట్లే ఆ కవి కొట్టివేతను కొట్టివేతను కలిపారు. పుట్టినింటి వాకిలి ఎలా ఉండేదో గీసి చూపించమని అవ్వను అడగండి. కన్నడ బడిలో, ఇంగ్లీషు బడిలో చదివే మనుమడికి అవ్వ తెలుగు సగమే అర్థమవుతుంది. కాని ఆ వాకిలి, బావి, చింతచెట్టు కాగితం మీద కనిపిస్తే వాడు ప్రశ్నలు అడుగుతాడు. ఇద్దరూ మాట్లాడుకుంటారు.

ఉపాధ్యాయ శిక్షణ పొందినవానిగా కొన్ని జాగ్రత్తలు చెబుతాను. మేము నేర్చుకున్న రోజులలో చిత్రలేఖనమంటే నమూనా చూసి అచ్చంగా దింపడమే, దానికి మార్కులు వేయడమే. ఊరట కోసం గీసే బొమ్మకు అది పనికిరాదు. బాగుందని, బాగులేదని అనకండి. చేతిలోనుండి పెన్సిలు లాగుకొని దిద్దకండి. ఇది ఏమిటని నిలదీయకుండా, దీనిని గూర్చి చెప్పాలనిపిస్తే చెప్పమనండి. చెప్పకపోతే ఊరుకోండి. వారి అనుమతి లేకుండ గోడకు తగిలించకండి, నలుగురికి చూపకండి. చింపివేస్తే చింపనివ్వండి. బొమ్మను చూచి సొంత అర్థాలు తీయకండి. నల్లరంగు వాడినంత మాత్రాన పిల్లవానికి ఏదో ఉన్నదని బెంబేలు పడనక్కరలేదు.

ఒక ముఖ్యమైన మాట. బొమ్మ మందుకు బదులు కాదు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకుండ, ఏ పనియందు మనస్సు నిలువకుండ ఉంటే, లేక చావు మాటలు మాట్లాడుతుంటే, ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళాలి. ఇందులో మన బళ్ళారికి ఒక ఘనత ఉన్నదని చాలమందికి తెలియదు. 1985 నుండి 1990 వరకు బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ మన బళ్ళారి జిల్లాలోనే, పల్లెల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక వ్యాధులను గుర్తించి మందులిచ్చే శిక్షణనిచ్చింది. ఆ నమూనాను చూచే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైంది. దేశానికి దారి చూపిన జిల్లాలో ఉంటూ, పిచ్చి అనుకుంటారని భయపడి ఇంట్లో దాచుకోవడం మనకు తగదు. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఖర్చు లేకుండ సలహా చెబుతారు. తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడవచ్చును.

రవీంద్రుని దుఃఖాలు బొమ్మలతో మాయమైపోలేదు. పోయిన బిడ్డలు తిరిగి రాలేదు. కాని తనలో కొట్టివేయబడినట్లు పడియున్నవాటిని ఆయన అలాగే వదలివేయలేదు. ఒకదానిని ఇంకొకదానితో కలిపి, వాటికి ఒక రూపమిచ్చి, 80 ఏళ్ళ వరకు పనిచేస్తూ బ్రతికారు. మొదలుపెట్టినప్పుడు ఆయనకు 67 ఏళ్ళు. మన సంఘాలలో ఆ వయస్సుకు దగ్గరగా ఉన్న పెద్దలు ఎందరో ఉన్నారు. స్త్రీల సమాజపు కూటములలోను, ఇంటి దర్శనాలలోను ఈ సంగతి చెప్పండి. ఈసారి ఒంటరిగా ఉన్న ఒక అవ్వ ఇంటికి వెళ్ళేటప్పుడు పండ్లతోపాటు ఒక పలక, సుద్దముక్కలు కూడ తీసుకొని వెళ్ళండి. ప్రక్కన కూర్చొని, మీరు కూడ ఒక గీత గీయండి.